పచ్చి పాదం

మా చాల్‌లో మెట్లు చెక్కవి. పైకి ఎవరొస్తున్నారో మా ఒంటిగది ఖోలీలో కూర్చునే చెప్పగలను. పక్కింటామె రెండు మెట్లకొకసారి ఆగుతుంది. మా బిడ్డ పరుగెత్తినట్టు ఎక్కుతుంది. మా ఆయన ఈ మధ్య కాళ్లు ఈడుస్తూ ఎక్కుతున్నాడు. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు తెలియని చప్పుడొకటి పైకి వచ్చింది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు టక్కుమని. కామాటిపురలో పాత చాళ్లు పడగొట్టి కొత్తవి కడతామని కొలతలు తీసుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో ఎవరో కర్ర పట్టుకుని వస్తున్నారనుకుని, పిండి చేతులతోనే గుమ్మంలోకి వెళ్లాను.

వచ్చింది మా ఆయనే. కుడికాలి చెప్పు కింద జానెడు చెక్క వేలాడుతోంది. స్లాబు పోసేటప్పుడు కింద బిగించే సెంట్రింగ్ చెక్క, సిమెంటు పట్టి బూడిద రంగుకు తిరిగింది. అందులోని మేకు చెప్పును చీల్చుకుని పాదంలోకి దిగిపోయింది. మెట్టు మెట్టుకూ నెత్తురు. నాగ్‌పాడా పక్కన తను పనిచేసే కట్టడం నుంచి ఇంటిదాకా అట్లాగే నడిచి వచ్చాడు.

“ఏంది గట్ల చూస్తున్నవ్? అన్నం పెట్టు,” అన్నాడు.

పిండి వేలితోనే ఆయన కాలు చూపించాను. తలవంచి చూసి, ఎవరి కాలో అన్నట్టు కాసేపు నిలబడ్డాడు.

“అంత చప్పుడైతుంటే ఇనపడలేదా?”

“ఏంది?”

గట్టిగా అడిగాను.

“మిషన్ల నడుమ పనాయె. చెవులు అట్లనే అయితయ్ తీ,” అన్నాడు.

నా మరిది, అంటే ఆయన తమ్ముడు, పక్క గల్లీలోనే ఉంటాడు. కేకేస్తే మేకులు లాగే పకడు పట్టుకుని వచ్చాడు. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని కాలు చాపాడు. ఆకలి అంటే నేను కంచం పెట్టాను. మరిది మొహం పక్కకు తిప్పుకుని, పళ్లు కరుచుకుని మేకు లాగాడు. మా ఆయన పప్పన్నం కలుపుతూనే ఉన్నాడు. “అయిందా?” అని అడిగాడు. అది చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నెత్తురుకు కాదు, ఆ ముద్ద ఆగనందుకు.

మా అత్త మాత్రం రెండు చేతులూ జోడించింది.

“పోచమ్మ తల్లి ఉన్నది వీని కాళ్లల్ల,” అంది. మరిది వైపు తిరిగి, “చూసినవారా, పాదమంటే గదీ. నువ్వైతే ఫోరస్ రోడ్డు దాక ఇనపడేటట్టు ఒర్లుదువు, పచ్చి పాదమోడా.”

“ఔనే అమ్మా, ఒర్లుత. మేకు దిగితే నొయ్యాలె గద,” అన్నాడు మరిది.

ఆ మాట ఆ రోజు ఎవరమూ పట్టించుకోలేదు.

మా ఇంటి పాదాల సంగతి గల్లీలో అందరికీ తెలుసు. మా మామ తాతలు పాలమూరు దిక్కు నుంచి రాళ్లు మోయడానికి, సున్నం తొక్కడానికి ఈ ఊరొచ్చారు. వస్తూ పోచమ్మను వెంట తెచ్చుకున్నారు. గల్లీ చివర, ఇస్త్రీ దుకాణం పక్కన, మనిషి వంగితే తప్ప దూరలేని గుడి ఆమెది. శివరాత్రి దాటాక ఆమె ముందు నిప్పుల గుండం పేరుస్తారు. మొదటి అడుగు మా ఇంటిది. మా ఇంటి మనిషి తొక్కి అవతలికి దాటితే గాని వేరేవాళ్లు కాలు పెట్టరు. తొక్కిన మనిషి నడిచినంత దూరమూ ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసి కాళ్లకు మొక్కుతారు.

ఎవరు తొక్కాలో ఇంటి పెద్దావిడ ఏరుతుంది. అందరినీ వరసగా కూర్చోబెట్టి, అరికాలి కింద వెలిగించిన కర్పూరం బిళ్ల ఆనిస్తుంది. కాలు లాక్కుంటే పచ్చి పాదం. లాక్కోకపోతే తల్లి మెచ్చిన పాదం. మా మామను ఆయన తల్లి ఏరింది. మా ఆయనను మా అత్త ఏరింది. మరిది కాలు లాక్కోవడమే కాకుండా కర్పూరం పళ్లేన్ని తన్ని అత్త చీర కొంగు కాల్చాడు. అప్పటినుంచి వాడికి ఆ పేరు ఉండిపోయింది. పెళ్లి చూపుల్లో కూడా ఎవరో అన్నారు, పిల్ల నవ్విందట.

నేను కోడలిగా వచ్చేనాటికి మా మామ బాగానే నడిచేవాడు. తరువాత్తరువాత చెవులు పోయాయి. పిలిస్తే పలకడు. అరికాళ్లలో మానని పుండ్లు. మేం వాటిని గుండం ముద్రలనేవాళ్లం. ఆపైన మాటలు తగ్గాయి. ఇంటికి దారి మరిచిపోయి ఫోరస్ రోడ్డు మీద టైర్ల దుకాణం ముందు కూర్చునేవాడు. గల్లీవాళ్లు తోలుకొచ్చి, పోయేముందు కాళ్లకు మొక్కి పోయేవాళ్లు. తల్లి ఆయనను తనలోకి తీసుకుంటోందని మా అత్త చెప్పేది. యాభై నిండకుండానే పోయాడు. ఏడ్చాం గాని, అందులో గొప్ప కూడా ఉండేది. ఇప్పుడు ఆ గొప్ప గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

మేకు పుండు మానలేదు. పసుపు పెట్టాం, గల్లీ డాక్టరు మందు ఇచ్చాడు, అది లోపలికే పోయింది. బిడ్డ ఊరుకోలేదు. అది నాగ్‌పాడాలో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. హిందీ, మరాఠీ గడగడా మాట్లాడుతుంది, తెలుగు వాళ్ల అవ్వ దగ్గరే. సెలవు పెట్టి, టాక్సీ చేసి, మమ్మల్ని పెద్ద దవాఖానాకు తోలుకపోయింది. షుగరేమో చూశారు, లేదు. కుష్ఠేమో చూశారు, అదీ కాదు. చివరకు నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్న వయసే, మెడలో ఒక సన్నటి గొలుసు. రెండు కొమ్ముల ఇనుప కడ్డీ ఒకదాన్ని టేబులుకు కొట్టి, జుమ్మంటుంటే మా ఆయన కాలి బొటనవేలికి ఆనించి, తెలుస్తోందా అని అడిగింది. ఆయన నా మొహం చూశాడు. మోకాలిదాకా వచ్చాక, “ఆఁ, గిప్పుడు,” అన్నాడు.

ఇంట్లో ఇట్లా ఇంకెవరికైనా ఉందా అని ఆమె హిందీలో అడిగింది.

అడగడమే ఆలస్యం, నేను మొదలుపెట్టాను. నేను చదువుకున్నదాన్ని కాదు. కానీ విన్నది మరిచిపోను. మా మామ గుండం తొక్కిందీ, ఆయన మేనత్త తొక్కిందీ, వాళ్ల తాత సున్నపు బట్టీలో ఒట్టికాళ్లతో నడిచిందీ, ఎవరెవరు చివర్లో తల్లిలో కలిసిపోయి మాట మానేసిందీ, అన్నీ చెప్పాను. మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పే కథే అది. బిడ్డ వెంట వెంట హిందీ చేస్తోంది. చెప్తూ చెప్తూ నేనే మురిసిపోయాను. తలెత్తి చూస్తే డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

“అంతమందికీ చెవులు పోయాయా?” అని అడిగింది.

“పోయినయ్.”

“మతిమరుపు?”

“మతిమరుపు గాదమ్మా, తల్లి...” అని ఆగాను. అంతకుముందెప్పుడూ ఆ వాక్యం నా నోట ఆగలేదు.

“గుండం తొక్కనివాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“మా మరిది. వానిది పచ్చి పాదం.”

“అతని చెవులు?”

“పక్క గల్లీల చెంచా కిందపడితే ఇంటడు.”

ఆమె నవ్వలేదు. మా ఆయన నెత్తురు తీయించి పంపింది. ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. మళ్లీ పిలిచినప్పుడు తలుపు వేసి కూర్చోబెట్టింది. ఇది దేవుడిచ్చింది కాదు, మేకు వల్ల వచ్చిందీ కాదు, నెత్తుటి వెంట తరం నుంచి తరానికి దిగేదని చెప్పింది. ఒంట్లో ఒక ఎంజైమ్ ఉంటుందట. దాని పేరు డీఎన్ఎంటీ వన్. మా ఆయనలో అది పుట్టుకతోనే కొంచెం తప్పుగా తయారైంది. దానివల్ల ముందు పాదాలకు స్పర్శ పోతుంది, చెవులు పోతాయి, ఆ తరువాత బుద్ధి మసకబారుతుంది. మాన్పే మందు లేదు. పాదాలను కాపాడుకోవాలి, చెవికి మిషను పెట్టుకోవాలి. పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు, సగానికి సగం.

డాక్టరమ్మ ఇంకా చెప్తూనే ఉంది. నేను మా బిడ్డ చెప్పుల వైపు చూస్తున్నాను.

కిందటేడే, మా ఆయన తరువాత తొక్కేది ఎవరో చూడాలని, మా అత్త దానికి కర్పూరం ఆనించింది. బిడ్డ కాలు కదిలించలేదు. అత్త లేచి దాని బుగ్గలు పుణికి, “దొరికింది నా బంగారం,” అని గల్లీ అంతా బెల్లం పంచింది. ఆ బెల్లం నేనే నలగ్గొట్టాను.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో మా ఆయనకు సగం వినిపించలేదు, వినిపించిన సగం ఏమైందో తెలియదు. ఇంటికొచ్చి చాప మీద కూర్చుని, “ఏమన్నది?” అని అడిగాడు. బిడ్డ ఆయన చెవి దగ్గర కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. అత్త బియ్యం చెరుగుతూ వింటోంది. మరిది గుమ్మంలో నిలబడ్డాడు.

“నాయనా, మన ఒంట్ల ఒక్కొక్క కణంల ఒక నక్షా ఉంటది. బిల్డింగ్ నక్షా లెక్క. అన్నిట్ల అదే నక్షా. కని కంట్ల ఉన్న కణంది ఒక పని, కాలి నరంల ఉన్నదానిది ఒక పని. అందుకని ఏ పేజీ తెరువాలె, ఏది మూసి పెట్టాలె అని దాని మీద సన్న సన్న గుర్తులుంటయ్. మిథైల్ గుర్తులంటరు.”

“ఊఁ.”

“కణం ఒకటి రెండయితది. నక్షా గూడ రెండయితది. పాతదాని మీద గుర్తులుంటయ్, కొత్తదాని మీద ఉండయ్. ఈ ఎంజైమ్ పోయి, పాతది చూసి, ఎక్కడిదక్కడ కొత్తదాని మీద పెట్టాలె. నీ ఒంట్ల అది సక్కగ చేస్తలేదు.”

మా ఆయన చెయ్యెత్తి, లేని దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కిందికి వదిలినట్టు చేశాడు.

“ఓళంబా పట్టేటోడు,” అన్నాడు.

ఓళంబా అంటే దారానికి కట్టిన ఇనుప గుండు. కింది అంతస్తులో స్తంభాలు ఎక్కడున్నాయో ఆ గుండు వేలాడదీసి పై స్లాబు మీదికి గుర్తులు ఎక్కిస్తారు. ఆ పనిలో ఆయనకు పేరుండేది. ఈ మధ్యే పైవాళ్లు ఆయన చేతిలోంచి ఆ దారం తీసేసుకుని చెక్కలు మోసే పనికి మార్చారు. గీతలు బెత్తెడు పక్కకు పడుతున్నాయన్నారు. మేం కళ్లు తగ్గాయేమో అనుకున్నాం. బిడ్డ దుకాణంలో అద్దాలు కూడా చేయించింది.

“ఔ నాయనా, అట్లాంటోడే.”

“గుర్తు తప్పితే పై అంతస్తు స్తంభం గాల్ల నిలవడ్తది,” అన్నాడాయన. అని, “ముందుగాల కాళ్లే ఎందుకు?” అని అడిగాడు.

“డాక్టరమ్మకు గూడ సరిగ తెల్వదన్నది.”

చేట చప్పుడు ఆగింది. అత్త బియ్యంలోకి చూస్తూ, “సగానికి సగమన్నదా?” అంది.

బిడ్డ తలూపింది.

“మీ మామను మా అత్త ఏరింది,” అంది నాతో. “వీన్ని నేనేరిన.” ఆపైన మాట మనవరాలి వైపు చూస్తూ సగంలో మింగేసింది. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది. మందు లేని జబ్బును ఇన్నాళ్లూ వెతికి వెతికి, పట్టుకుని, పూలదండ వేసింది మా ఇంటి ఆడవాళ్లేనన్నది నాకూ అప్పుడే పూర్తిగా ఎక్కింది.

“నాకు కాలింది అవ్వా,” అంది బిడ్డ.

“ఏమన్నవ్?”

“కర్పూరం పెట్టినప్పుడు. సుర్రుమని కాలింది. చున్నీ కొరుక్కొని కూసున్న.”

“మరి కాలు తియ్యకపోతివి?”

“తీస్తే చిన్నాయనను అన్నట్టు నన్ను గూడ జిందగీ అంత అందురు.”

అత్త చేట పక్కన పెట్టింది. “అమ్మవారి ముంగట నాటకమాడితివా?”

“ఆడిన.”

“సిగ్గులేనిదానా,” అంది. ఆ నోటితోనే, “బాగ కాలిందా?” అని అడిగింది.

“బొబ్బ లేచింది. వారం దినాలు మడమ మీద నడిచి దుకాణం పోయిన. మీరందరు బెల్లం పంచుతుండిరి.”

మరిది గుమ్మంలోంచి, “శభాష్. పచ్చి పాదాల పార్టీలకు రా బిడ్డా,” అన్నాడు. ఒక్కడే నవ్వాడు, వెంటనే ఆపేశాడు.

బిడ్డ కాలు చూపించింది. అరికాలి మధ్య రూపాయి బిళ్లంత మచ్చ. అత్త దాన్ని బొటనవేలితో రాసి రాసి చూసింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది, నేను తప్ప. మచ్చ కాలినదానికి గుర్తే గాని నొప్పికి గుర్తు కాదు. మా ఆయన పాదాలనిండా మచ్చలే. పైగా నా బిడ్డ కర్పూరానికే చున్నీ కొరుక్కుని నాటకం ఆడగలిగితే, మమ్మల్ని ఊరడించడానికి మరొక నాటకం ఆడలేదా? ఆ సాయంత్రం నల్లా దగ్గర బిందె పట్టుకుంటున్నప్పుడూ ఆ అనుమానం వదల్లేదు. బిందె నిండి పొర్లిపోతుంటే పక్కింటామె వచ్చి నల్లా కట్టేసింది.

మళ్లీ దవాఖానాకు పోతే డాక్టరమ్మ కూడా అదే అంది. ఇవాళ నొప్పి తెలిసినంత మాత్రాన రేపటి సంగతి చెప్పలేం, నెత్తురు చూస్తేనే తేలుతుంది, చూడాలా వద్దా అన్నది మాత్రం అమ్మాయి ఇష్టం అంది. బిడ్డ అక్కడే చేతి గాజులు వెనక్కి తోసుకుని చెయ్యి చాపింది. మరిది తనకొద్దన్నాడు. “నాకు అన్ని దిక్కుల నొస్తది వదినా. గది చాలు.”

ఫలితం రాకముందే గుండం వచ్చింది. గుడి పెద్దమనిషి మా ఇంటికొచ్చి, మొదటి అడుగు ఎవరిది అని అడిగాడు. ఈసారి ఆడపిల్లట కదా అని సంబరంగా అన్నాడు. అత్త లోపలినుంచి చీర కొంగు సవరించుకుంటూ వచ్చింది.

“చిన్నోడు తొక్కుతడు.”

“పచ్చి పాదమా? ఎగతాళి జేస్తున్నవా?”

“నా ఇంటి పాదం నేను చెప్త. నీకేం తక్లీఫ్?”

మరిదికి ఎవరూ ముందు చెప్పలేదు. వాడి మొహం చూడాల్సింది. “అమ్మా, నేనేం చేసిన నీకు?” అన్నాడు. అయినా సాయంత్రానికి తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి, డప్పు మోగుతోంది. వాడు కళ్లు మూసుకుని కాలు పెట్టాడు. రెండో అడుగుకే, “ఓయమ్మో సచ్చిన,” అని కేకపెట్టి, కోడిలాగా ఎగురుకుంటూ అవతలికి దూకాడు. గల్లీ అంతా పగలబడి నవ్వింది. డప్పు కొట్టేవాళ్లు కూడా నవ్వు ఆపుకోలేక కర్ర దించేశారు.

అత్త నవ్వలేదు. బిందె తానే మోసుకుపోయి, కొడుకు కాళ్లు ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోసింది. “మండుతుందారా? ఇక్కడ గూడనా? ఇక్కడ?” అని ఒక్కో వేలినీ తాకుతూ అడుగుతోంది. వాడు మూలుగుతూ ఔనన్నప్పుడల్లా ఆమె తల ఊపుతోంది. ఆ సందడిలో మా ఆయన నా భుజం పట్టుకుని, ఇంటికి ఎటు పోవాలని అడిగాడు. ఇల్లు ఎదురుగానే ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బిడ్డ ఫలితం చెప్పిన రోజు డాక్టరమ్మ తలుపు వేయలేదు. అంతకు ముందొకసారి ఆ తలుపు వేయడం చూశాను కాబట్టి, ఆమె నోరు తెరవకముందే ఏదో తేడా అనిపించింది. లేదని చెప్పింది. నాన్నలో ఉన్న తప్పు ఈ అమ్మాయిలో లేదు, ఈమె పిల్లలకూ ఈ దారిన రాదు అంది. బిడ్డ తలవంచుకుని గాజులు కిందికి జరుపుకుంది. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. బయటికొచ్చి బస్సెక్కాక, కండక్టరు టికెట్ అడిగితే, “లేదంట,” అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో కర్పూరం దేవుడి దగ్గరే వెలుగుతుంది. సాయంత్రం నేను మా ఆయన పాదాలు కడిగి, కింద అద్దం పెట్టి, రాయి గీరిందా, ఎలుక కొరికిందా అని చూస్తాను. చూడకపోతే తెలిసే దారి లేదు. ఆయనకు పని మాన్పించాం. చెవి మిషను పెట్టుకోడు, పెడితే తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. చాలా సంగతులు నిలవడం లేదు. కానీ ఒక్కటి పోవడం లేదు. కాళ్లు తుడవగానే బిడ్డ కోసం వెతుకుతాడు.

“దాని కాలు ఏమన్నరు?”

నిన్న చెప్పాం, మొన్న చెప్పాం. ఆయనకు మాత్రం ఇవాళే అడుగుతున్నట్టు ఉంటుంది, కళ్లల్లో అదే భయం. అరిచి చెప్పినా సగమే చేరుతుంది. అందుకని బిడ్డ దుకాణం నుంచి రాగానే చెప్పులు విప్పి, పాదం తెచ్చి ఆయన ఒళ్లో పెడుతుంది. ఆయన ఆ మచ్చ పక్కన గట్టిగా గిల్లుతాడు. బిడ్డ ఉలిక్కిపడి కాలు లాక్కుంటుంది.

“పచ్చిదే,” అంటాడు మా అత్త వైపు చూసి.

“పచ్చిదే కొడుకా,” అంటుంది ఆమె.

“గోర్లు దిగుతున్నయ్ నాయనా, మెల్లగ,” అంటుంది బిడ్డ. ఆయనకు వినిపించదు. ఇంకొక్కసారి గిల్లి చూస్తాడు.